నిండా చార్జింగ్ ఉన్న బండి

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కరెంటు లైను. దాని కోసం కొట్టుకునే సవతులు మాత్రం రెండు. ఒకటి అత్తగారి కారు, రెండోది కోడలి ఇస్త్రీపెట్టె.

అత్తగారు పాతికేళ్లు బడి వ్యాను నడిపిన మనిషి. వీధిలో అందరికీ ఆమె వ్యానమ్మ. పిల్లల్ని దింపి వచ్చే ఖాళీ వ్యానును ఆమె మలుపులో తిప్పే తీరు చూస్తూ, టీ కొట్టు ముందు మగవాళ్లు గ్లాసు పెదవుల దగ్గరే ఆపేసేవారట. పని మానేసిన ఏడాది, ఎవరో వాడి అమ్మేసిన కరెంటు కారు కొనుక్కుంది. "ఆ డబ్బుతో పైన రెండు గదులు వేసుకోవచ్చు కదమ్మా" అని కొడుకు మొత్తుకుంటే, "గదుల్లో కూచుని ఎక్కడికి పోతాంరా?" అంది.

పెట్రోలు ఉండదు, పొగ ఉండదు, ఆయిలు మార్చే పని ఉండదు అని అమ్మినవాడు ఊదరగొట్టాడు. ఉండనివన్నీ చెప్పాడు గానీ, ఉండేవి చెప్పలేదు. కారుకు చార్జింగ్ పెట్టినప్పుడు ఇస్త్రీపెట్టె తగిలిస్తే ఫ్యూజు ఠప్పున ఎగిరిపోతుంది. మణికట్టు లావు కేబులు వంటింటి కిటికీలోంచి బయటికి పోతుంది కాబట్టి ఆ రెక్క మూయడానికి లేదు. దోమలకు అది రాజమార్గం. బండి బరువుకు టైర్లు ఊరికే అరిగిపోతాయని అత్తగారు వాటిలో గాలి, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు రోజూ చూసుకుంటుంది. ఏసీ వేయదు, చార్జింగ్ తింటుందట. అద్దాలు పూర్తిగా దించనివ్వదు, గాలి అడ్డుపడి అదీ చార్జింగ్ తింటుందట. ఒకప్పుడు వ్యానును గాల్లో తేలించిన మనిషి, ఈ కారును నిండుచూలాలిని నడిపించినట్టు నడిపేది. వెనక హారన్లు మోగుతుంటే కోడలు సిగ్గుతో చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

పోయిన ఏడు మామగారు పోయారు. అప్పటి నుంచి ముందు పక్క సీట్లో అత్తగారు ఎవరినీ కూర్చోనివ్వలేదు. "వెనక కూచోవే, సుఖంగా ఉంటుంది" అనేది. వెనక ఏం సుఖమో కోడలికి అర్థమయ్యేది కాదు.

కోడలు ఆరేళ్లు బట్టల కొట్టు వెనక గదిలో, యజమాని చీదరింపులు భరిస్తూ కుట్టింది. ఆ కొలువు వదిలేసి, ధైర్యం చేసి ఒక బడి యూనిఫారాల పని సొంతంగా ఒప్పుకుంది. బడి స్టోరు గుమాస్తా ముందే చెప్పాడు. "శనివారం పన్నెండుకు తాళం వేస్తానమ్మా. ఆ లోపల అన్నీ ఇస్త్రీ చేసి తెస్తే వచ్చే ఏడు కూడా నీకే. తేకపోతే నన్నేమీ అనొద్దు." తేకపోతే మళ్లీ ఆ వెనక గదే. ఆ తలుపు తట్టడం కంటే మిషను అమ్ముకోవడం నయమనిపించేది ఆమెకు.

శుక్రవారం సాయంత్రానికి ఇస్త్రీ అయిపోయింది. మడత చెదరకుండా మూటలన్నీ కారు వెనక సీట్లో పేర్చారు. అత్తగారు కేబులు తగిలించి, "పొద్దున్నకి నిండుగా ఉంటుంది. నిన్ను బడి గుమ్మంలో దించుతాను చూడు" అంది.

శనివారం పొద్దున బండి నిండుగానే ఉంది. తలుపే తెరుచుకోలేదు.

అత్తగారు తాళం బటన్ నొక్కింది. చేయి పైకెత్తి నొక్కింది, కారు చుట్టూ తిరిగి నొక్కింది. బండి ఉలకలేదు, పలకలేదు. చివరికి తాళంలో దాగి ఉన్న ఇనప చెవి లాగి డ్రైవరు తలుపు తీసింది. లోపల ఒక్క దీపమూ వెలగలేదు.

"చార్జింగ్ నిండా ఉందన్నారుగా!" అంది కోడలు.

"ఉందే. రాత్రి నిండింది చూసే కేబులు తీశాను."

"మరి ఏమొచ్చింది దీనికి రోగం?"

షోరూముకు ఫోను చేస్తే ఒక అమ్మాయి తియ్యగా మాట్లాడి, బండిని లాక్కెళ్లే వాహనం సోమవారం వస్తుందని చెప్పింది. సందు చివరి మెకానిక్కును పిలిస్తే నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"కరెంటు బండా? నేను ముట్టనమ్మా. షాకు కొడితే నా పిల్లలకు దిక్కెవరు?"

"ముట్టుకోవద్దులే, చూసి చెప్పు."

"చూడటానికీ నాకు భయమే" అని అతను వచ్చిన దారినే పోయాడు. ఆటోకోసం పరుగెడితే, ఉన్న ఒక్క ఆటో పెళ్లి బేరానికి పోయిందన్నారు. కోడలికి తలప్రాణం తోకకొచ్చింది.

అత్తగారు బానెట్టు ఎత్తి, లోపల ఒక మూలనున్న చిన్న బ్యాటరీ మీద చేయి వేసి నిలబడిపోయింది. "ఇది చచ్చింది" అంది మెల్లగా. "బండిని నడిపేది పెద్దది. దాన్ని నిద్ర లేపేది ఇది."

"ఎందుకు చచ్చింది?"

అత్తగారు బానెట్టులోకి ఇంకాస్త వంగింది. కోడలు విసురుగా డ్రైవరు సీటు మీదుగా లోపలికి దూరింది, మూటలు ఒక్కొక్కటిగా నెత్తిన మోసుకునైనా పోదామని. పక్క సీటు వెనక్కి జరిపి, బాగా వాల్చి ఉంది. పొడుగు మనిషి కాళ్లు చాపుకునేటట్టు. పైన దీపం మీట వేసే ఉంది.

"అత్తయ్యా, ఈ దీపం ఎవరు వేశారు?"

"నేనే."

"రాత్రంతానా?"

"రోజూ కాసేపు కూచుంటానే. రాత్రి మర్చిపోయి వచ్చేశాను."

"కూచుంటే బండి స్టార్టు చేసుకుని కూచోవచ్చు కదా!" కోడలి గొంతు వీధి దాకా వినిపించింది.

"స్టార్టు చేస్తే పెద్దది ఖర్చవుతుంది. మళ్లీ చార్జింగ్ పెట్టాలి. పెడితే నీ ఇస్త్రీ ఆగిపోతుంది." అత్తగారు బానెట్టు చాటు నుంచి బయటికి రాలేదు. "నీ పనికి అడ్డం రావడమెందుకని చిన్నదాంతో వెలిగే ఉత్త దీపమే వేసుకున్నాను. ఆయనతో రెండు మాటలు చెప్పుకుని వచ్చేద్దామని."

కోడలి నోట్లో సిద్ధంగా ఉన్న తిట్టు అక్కడే ఉండిపోయింది. మింగనూ లేక, కక్కనూ లేక, "బాగానే ఉంది సంబడం" అని మాత్రం అంది.

అప్పుడే ఎదురింటి పాలాయన మోటారు సైకిలు మీద తిరిగి వచ్చాడు. అత్తగారు అతన్ని కేకేసింది. "అబ్బాయ్, నీ బండి బ్యాటరీ ఒక్క నిమిషం ఇవ్వు."

"ఈ బుల్లి బ్యాటరీతో అంత కారు కదులుతుందా పిన్నీ?"

"కదపడానికి కాదురా, లేపడానికి."

వ్యాను రోజుల నాటి తీగలు తెచ్చి ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది తగిలించింది. కోడలు లోపల స్టార్టు బటన్ నొక్కింది. స్టీరింగు ముందు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. పాలాయన తన మోటారు సైకిలును గర్వంగా తట్టాడు.

అప్పటికి పదకొండున్నర దాటింది. వెనకంతా మూటలే. కోడలు పక్క సీటు వైపు చూసి ఆగింది.

"ఎక్కవే, చూస్తావేం! ఎక్కు!" అంది అత్తగారు.

ఎక్కింది. సీటు జరపలేదు. కాళ్లు అందక ముందుకు చాపుకుని, వాలిపోయి కూర్చుంది. అత్తగారు ఏసీ వేసి యాక్సిలరేటరు తొక్కేసింది. కారు చప్పుడు లేకుండా విల్లు వదిలిన బాణంలా పోయింది. లారీ పక్క నుంచి, బస్సు ముందు నుంచి, సందు చూసి దూరి, మలుపు దగ్గర వ్యాను రోజుల్లోలా తేలించి తిప్పింది. కోడలు రెండు చేతులతో తలుపు పట్టుకుని, "మెల్లగా, అత్తయ్యా, మెల్లగా!" అని అరిచింది.

"మీ మామా ఇదే అనేవాడు" అంది అత్తగారు, కళ్లు రోడ్డు మీద నుంచి తీయకుండా.

గుమాస్తా తాళం చేతిలో పట్టుకుని స్టోరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతి గడియారం చూశాడు, మూటలు చూశాడు, చెమటలు కక్కుతున్న కోడలిని చూశాడు. గొణుక్కుంటూ తలుపు మళ్లీ తీశాడు. ఒక చొక్కా విప్పి కుట్టు లాగి చూసి, "వచ్చే ఏడు కాస్త ముందు రామ్మా" అన్నాడు. ఆ "వచ్చే ఏడు" అన్న మాట కోడలు మెట్లు దిగే దాకా మనసులో అనుకుంటూనే వచ్చింది.

కారులో కూర్చుని ఏడ్చింది. అత్తగారు అద్దాలు రెండు వేళ్లు దించి, ఏసీ ఆపేసి, బండిని చీమలా కదిలించింది.

"ఇప్పుడెందుకింత మెల్లగా?" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

"వచ్చేటప్పుడు ఎంత తగలేశామో చూశావా? ఇంటికెళ్లి తగిలిస్తే నిండేసరికి రాత్రి అవుతుంది."

"తగిలించండి. ఇస్త్రీ ఏమున్నా రేపు చేస్తాను. రేపటి నుంచి కూర్చోవాలంటే స్టార్టు చేసుకునే కూర్చోండి, వింటున్నారా?"

"చార్జింగ్ పోతుందే."

"పోనీ, అత్తయ్యా! పోనీ! నా ప్రాణం తీయకండి!"

వెనక హారన్లు మోగాయి. ఈసారి కోడలు కొంగు అడ్డం పెట్టుకోలేదు. అద్దం పూర్తిగా దించి, తల బయటపెట్టి, "కళ్లు కనపడటం లేదా, పెద్దావిడ నడుపుతోంది!" అని హారన్ కొట్టినవాడి మీద ఒంటికాలి మీద లేచింది.