‘శాటిస్ఫాక్టరీ’ అని రాసిన టీసీ

2023 జూన్. నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ, అందులో మెట్ల కింద గది నా ఆఫీసు. అప్పటికి ఆ గదిలో కూర్చోబట్టి ఇరవై రెండేళ్ళు. ఎండలు తగ్గవు, వానలు రావు, ఇంటర్ పాసైన పిల్లలు టీసీల కోసం వరండాలో బారులు తీరతారు. నా పేరు రత్నకుమారి, సీనియర్ అసిస్టెంటుని. పాఠాలు చెప్పిన లెక్చరర్ల పేర్లు పిల్లలు పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటారు గాని, టీసీ రాసినావిడ పేరు ఎవరు చెప్పుకుంటారు? అందుకు నాకేమీ బాధ లేదు.

టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. చదువు ముగించి వెళ్ళే పిల్లలకు కాలేజీ ఇచ్చే కాగితం. అది లేకపోతే పై చదువులో ఎక్కడా చేర్చుకోరు. అందులో పేరు, పుట్టిన తేదీ, చదివిన గ్రూపు వగైరా అయిపోయాక అడుగున ‘కాండక్ట్’ అని ఒక గడి ఉంటుంది. కాండక్ట్ అంటే ప్రవర్తన. రెండేళ్ళు ఆ పిల్ల ఎలా మెలిగిందో అక్కడ ఒక్క మాటలో రాయాలి. గడి నా రెండు వేళ్ళంత వెడల్పు. ఇంతోటి గడిలో మనిషి గుణం ఎలా పడుతుందని కొత్తలో అనుకునేదాన్ని. పట్టించాల్సిన పనే లేదని తర్వాత తెలిసింది. బెంచీలు విరగ్గొట్టినవాడికీ ‘గుడ్’ అనే రాస్తాం, రెండేళ్ళు నోరు విప్పని పిల్లకీ ‘గుడ్’ అనే రాస్తాం. కాలేజీ కమిటీ వాళ్ళ పిల్లలైతే ‘వెరీ గుడ్’.

ఇంకో మాట కూడా ఉంది, ‘శాటిస్ఫాక్టరీ’. నేను ఉద్యోగంలో చేరిన నెలలో అప్పటి పెద్ద క్లర్కు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. “అమ్మాయ్, శాటిస్ఫాక్టరీ అంటే తృప్తికరం అని డిక్షనరీలో ఉంటది. మన క్లర్కుల డిక్షనరీలో మాత్రం ఈ శాల్తీతో జాగర్త అని. పైకి తిట్టినట్టుండదు కాబట్టి ఎవుడూ పోట్లాటకు రాడు. అవతల ఆఫీసులో ఉన్నోడికి మాత్రం అర్థమైపోద్ది.” పాము చావకుండా, కర్ర విరగకుండా అంటారే, అలాంటి మాట. ఇన్నేళ్ళలో దాన్ని రెండుసార్లు రాశాను. ఇద్దరూ ఆ మాటకు తగినవాళ్ళే కాబట్టి నిద్ర చెడలేదు. ఇక్కడ చెబుతున్నది మూడోసారి సంగతి.

ఆ పిల్ల పేరు ఝాన్సీ. వినుకొండ అవతల పల్లె. తండ్రి లేడు, తల్లి పత్తి తీతలకూ మిరప కోతలకూ పోయే కూలీ మనిషి. సగం ఫీజు మీద మా హాస్టల్లో ఉండి బైపీసీ చదివింది. ఇంత మందిలో ఆ ఒక్క పిల్ల నాకెలా తెలుసంటే, ఇంటర్ మొదటి ఏడాదిలో ‘ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్’ అని నీతికి సంబంధించిన పేపరు ఒకటి ఉంటుంది. పాసైతే చాలు, దాని మార్కులు కలపరు. అందుకని దానికి మా కాలేజీలో లెక్చరరు ఉండడు. పరీక్ష వారం రోజులుందనగా, “రత్నమ్మగారూ, మీరు పోయి ఆ పుస్తకం కాస్త చదివి వినిపించండి” అని నన్ను తోలేవాళ్ళు.

నేను చదివింది చదివి, నాకు తెలిసింది కలిపి చెప్పేదాన్ని. ప్రతి మంచి గుణానికీ అటొకటి ఇటొకటి రెండు చెడ్డ గుణాలుంటాయి పిల్లలూ, అన్నాను ఆ రోజు. పెట్టే చెయ్యి ఉన్నవాడికి ఒక పక్క పిసినిగొట్టు, ఇంకో పక్క దుబారా మనిషి. ధైర్యానికి ఒక పక్క పిరికితనం, ఇంకో పక్క ఒళ్ళు తెలియని తెగింపు. మధ్యలో నిలబడగలిగితే అదే సుగుణం. పిల్లలు గబగబా రాసుకున్నారు. మూడో బెంచీలోంచి ఝాన్సీ లేచింది.

“మధ్యలో ఉన్నామని ఎట్టా తెలుస్తది మేడం?”

“పెద్దవాళ్ళను చూసి నేర్చుకోవాలి” అని పేజీ తిప్పేశాను. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు.

మరుసటి ఏడు హాస్టలు తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. ముందు రోజే వార్డెను పిల్లలందరికీ ఏం చెప్పాలో వల్లె వేయించింది. భోజనాల హాల్లో వరసగా నిలబెట్టారు. రిజిస్టరు పట్టుకుని నేనూ వెనక నిలబడ్డాను. “అన్నం బాగుంటుందామ్మా?” అని ఆఫీసరు అడిగితే అందరూ ఒక్క గొంతుతో “బాగుంటుంది సార్” అన్నారు. ఆ గోల ఆగిన తర్వాత ఝాన్సీ, “బియ్యంలో పురుగొస్తంది సార్. ఏరుకుని తింటన్నాం” అంది. అరిచి చెప్పలేదు, ఏడ్చి చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. ఆఫీసరు రాసుకుని పోయాడు, కాలేజీకి నోటీసు వచ్చింది, వారంలో బియ్యం మారాయి. ఝాన్సీని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మర్చిపోయారనే అనుకున్నాను.

కరస్పాండెంటు మర్చిపోలేదు. కరస్పాండెంటు అంటే కాలేజీ నడిపే యజమాని. టీసీలు రాస్తున్న రోజుల్లో నన్ను గదికి పిలిచాడు.

“ఏందమ్మా రత్నం, ఆ ఝాన్సీ టీసీ అయిందా?”

“రాస్తున్నానండీ.”

“కాండక్ట్‌లో బ్యాడ్ అని రాయి. సగం ఫీజుకి పెట్టుకుంటే తిన్నింటి వాసాలు లెక్కబెట్టిద్దా? విశ్వాసం ఉండొద్దూ మనిషికి?”

నా నోటితో నేనే అన్నాను. “బ్యాడ్ అని రాస్తే రేపు వాళ్ళు గొడవకొస్తారేమోనండీ. శాటిస్ఫాక్టరీ అని రాస్తే సరిపోతుంది.”

ఆయన నవ్వాడు. “బుర్రున్నదానివే.”

చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ మెప్పుకు నాకు సంతోషమైంది. పైగా పిల్లను ‘బ్యాడ్’ నుంచి కాపాడాననుకున్నాను. ఆయన కోపానికీ ఆ పిల్ల భవిష్యత్తుకూ మధ్యలో నిలబడ్డాననుకున్నాను.

ఎందుకంత భయపడ్డావమ్మా అని మీరడగొచ్చు. జీతం కోసం కాదు. ఒక్క పొట్టకు ఎక్కడైనా దొరుకుతుంది. పెళ్ళయిన రెండో ఏడే విడిపోయి వచ్చినదాన్ని, మేడ మీద ఒంటి గదిలో ఉంటాను. ఆదివారం పాలపాకెట్టు కోసం కొట్టుకు పోతే “ఒకటివ్వండి” అంటాను, మళ్ళీ సోమవారం దాకా నోరు తెరిచే పని ఉండదు. “రత్నమ్మగారూ” అని నన్ను పిలిచే గొంతులన్నీ ఆ కాలేజీలోనే ఉన్నాయి. అక్కడినుంచి వెళ్ళగొడితే నా పేరు నేనే మర్చిపోతానేమోనని భయం. ఒంటరిగా ఉండి ఉండి మనిషికి ఇలాంటి పిరికితనం పడుతుంది. బయటివాళ్ళకు అది అణకువలా కనబడుతుంది, అందరూ మెచ్చుకుంటారు కూడా.

ఝాన్సీ వచ్చి టీసీ తీసుకుంది. పైనుంచి కింద దాకా చదివింది.

“శాటిస్ఫాక్టరీ అంటే మంచిదేగా మేడం?”

“ఊఁ” అని తర్వాతి పిల్లను పిలిచాను.

కొన్నాళ్ళకు ఆఫీసు ఫోను మోగింది. గుంటూరులో ఝాన్సీ దరఖాస్తు పెట్టుకున్న నర్సింగ్ స్కూలు నుంచి, అక్కడి క్లర్కు. పెద్దాయన గొంతు. “అమ్మా, మీ ఝాన్సీ కాగితాలు నా ముందున్నయ్యి. మార్కులు చానా బాగున్నయ్యి. కాండక్ట్ చూస్తే శాటిస్ఫాక్టరీ అని ఉంది. ఏంది సంగతి? పొరపాటున పడిందా ఏంది?”

ఆయన నాకు దారి చూపిస్తున్నాడు. “పొరపాటేనండీ” అంటే చాలు. అప్పుడే కరస్పాండెంటు నా బల్ల దగ్గర నిలబడి హాజరు పట్టీ చూస్తున్నాడు. నా వైపు కూడా చూడటం లేదు.

“లేదండీ, రాసింది రాసినట్టే” అన్నాను.

“సరేనమ్మా, అర్థమైంది” అని ఆయన పెట్టేశాడు.

నాలుగో రోజు తల్లీకూతుళ్ళు వినుకొండ బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చారు. తల్లి చేతులు కట్టుకుని నిలబడింది.

“అమ్మా, సీటు లేదన్నారు. ఎందుకంటే మీ కాలేజీలో అడుక్కోండన్నారు. మా పిల్ల ఎవురితోనన్నా తిరిగిందా? ఏదన్నా దొంగతనం జేసిందా? దాచమాకండి, చెప్పండి. నేనే నాలుగు తగిలిస్తా.”

సీటు పోవడం ఒక ఎత్తు, ఈ అనుమానం ఒక ఎత్తు. నేను రాసిన ఒక్క మాట ఆ ఇంట్లో దూరి తల్లికే కూతురి మీద నమ్మకం లేకుండా చేసింది. తనిఖీ రోజు మాట మీద సార్‌కు కోపం వచ్చిందనీ, టీసీలో ఆ మాట పడింది అందుకేననీ ఆమెకు చెప్పాను. వాసాలు లెక్కబెట్టడం అన్న మాటతో సహా చెప్పాను. ఆ తల్లి కూతురి వైపు తిరిగింది. “నీకెందుకే ఆ మాట? అంతమంది నోరు మూసుకున్నట్టు మూసుకోలేకపోయావా?” అని ఏడ్చింది.

ఝాన్సీ ఏడవలేదు. “నేను వాసాలు లెక్కబెట్టలేదు మేడం, అన్నంలో పురుగులు లెక్కబెట్టా” అంది. మళ్ళీ తనే, “డిక్షనరీ చూశా. శాటిస్ఫాక్టరీ అంటే తృప్తికరం అంట. ఎవరికి మేడం తృప్తి?”

“ఆ మాట ఎంచింది నేనేనమ్మా. సార్ బ్యాడ్ అని రాయమన్నారు. దానికంటే నయం కదా అని...”

“బ్యాడ్ అని రాసినా బాగుండేది మేడం. ఏం చేశావని నన్నే అడిగేవోళ్ళు. చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నన్నెవురూ ఏం అడగలా.”

ప్రిన్సిపాలు ముందుగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ ఫారాలు రెండు నా బీరువాలో ఉన్నాయి. ఎవరికీ తెలియకుండా ‘గుడ్’ అని ఇంకో టీసీ రాసిస్తానన్నాను. ఇది కూడా నా పాత బుద్ధే, చాటుగా సర్దేయడం. ఝాన్సీ తల అడ్డంగా ఊపింది.

“గుడ్ అని అందరికీ రాస్తారుగా మేడం. నాకొద్దు. నేను ఏం చేశానో అది రాయండి.”

తెల్లకాగితం తీసుకున్నాను. కాలేజీ ముద్ర లేదు, నా పేరు మాత్రం ఉంది. తనిఖీ రోజున ఏం జరిగిందో, ఆ పిల్ల ఏమందో, ఆ తర్వాత బియ్యం మారాయనీ రాశాను. టీసీలో ఆ మాట సూచించింది నేనేననీ, ఫోనులో అడిగినప్పుడు భయపడి నిజం చెప్పలేదనీ రాశాను. పది వాక్యాలకు గంట పట్టింది. ఇరవై రెండేళ్ళుగా ఒకరి గుణం గురించి ఒక మాట మించి రాయలేదు కదా, చెయ్యి అలవాటు తప్పింది. ఒక ప్రతి ఝాన్సీ చేతికిచ్చి, ఇంకోటి నేనే నర్సింగ్ స్కూలుకు రిజిస్టరు పోస్టులో పంపాను.

అప్పటికే సీటు వేరే పిల్లకు ఇచ్చేశారు. ఆ పెద్దాయనే మళ్ళీ ఫోన్ చేశాడు. “ఉత్తరం ఫైల్లో పెట్టానమ్మా. ఈ ఏడాదికి మాత్రం నా చేతుల్లో లేదు” అన్నాడు.

ఉత్తరం సంగతి కరస్పాండెంటుకు నేనే వెళ్ళి చెప్పాను. ఆయన అరవలేదు. టీసీ పుస్తకం నా దగ్గరనుంచి తీసుకుని, నన్ను రెండో అంతస్తులో లైబ్రరీకి మార్చాడు. పుస్తకాల కోసం అక్కడికి ఎవరూ రారు. మధ్యాహ్నం కలిసి తినే ముగ్గురు ఆడవాళ్ళు కూడా మెల్లగా పలకరింపు తగ్గించారు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళ భయాలు వాళ్ళవి. మంచి పని చేస్తే మనసు తేలికపడుతుందంటారు. నాకు పడలేదు. నేను దేనికైతే జడిశానో అదే జరిగింది, క్యారేజీ విప్పుకుని గోడకేసి చూస్తూ తినడం అలవాటు చేసుకున్నాను.

ఆ గదిలో ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. మధ్యలో నిలబడటమే సుగుణం అని పిల్లలకు చెప్పినదాన్ని, మధ్య అంటే ఇద్దరికీ కోపం రాని చోటు అనుకున్నాను. పిరికితనానికీ తెగింపుకూ నడుమ సరిగ్గా నిలబడింది ఆ పదిహేడేళ్ళ పిల్ల. అడగనిదేమీ చెప్పలేదు, అడిగినది దాచలేదు. నేను నిలబడిన చోటు నడిమి చోటే కాదు. పిరికితనంలోనే కాస్త నీడ చూసుకుని కూర్చున్నాను.

మరుసటి ఏడాది ఝాన్సీ ఫోన్ చేసింది. అదే నర్సింగ్ స్కూల్లో సీటు వచ్చిందట. ఫైల్లో ఉన్న ఉత్తరం తీసి అక్కడి సీట్ల కమిటీ వాళ్ళు చదివారట, పురుగుల సంగతి అడిగారట, చెప్పిందట. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“ఈ ఏడాదంతా ఏం చేశావమ్మా?” అని అడిగాను.

“అమ్మతో పాటు పత్తికి పోయా, మిరప కోతలకు పోయా మేడం. పర్లేదులే, ఏడాదేగా పోయింది.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే క్షమించమని అడిగేదాన్ని. అడగడానికి కూడా వీల్లేకుండా అంత మామూలుగా అంది. ఆ రోజు ఫోనులో నిజం చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం నేను దాచుకున్నందుకు ఆ పిల్ల ఏడాది పాటు చేలల్లో నడుం వంచింది.