అమ్మ చేతులు చూపించిన రోజు

మా అమ్మ నేను పనిచేసే బడికి ఎప్పుడూ రాలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా రాలేదు. అమ్మ ఉండే కోవిల్‌పట్టిలో బస్సెక్కి కూర్చుంటే కాసేపట్లో విరుదునగర్‌లో దిగొచ్చు. దిగాక మా బడికి నడక కూడా పెద్దగా లేదు. ఇరవై ఏళ్ళు దాటింది నేను అక్కడ పాఠాలు చెప్పబట్టి. ఈ ఏడు నన్ను హెడ్‌మిస్ట్రెస్‌ని చేశారు. నా గదిలో, నా బల్లకి ఎదురుగా ఉన్న కుర్చీలో మా అమ్మ ఓ పది నిమిషాలు కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి వెళితే చాలనుకున్నాను. గొంతెమ్మ కోరికేమీ కాదు కదా!

"పళ్ళికూడం లోపలికి మాత్రం నేను రాను పాపా. ఇంక యాడికి పిలిచినా వస్తా. ఆస్పత్రికి రమ్మను, వస్తా. గుడికి రమ్మను, వస్తా. ఆడికి వద్దు" అంది.

బతిమాలాను. అరిచాను. అన్నం తినకుండా లేచి వచ్చేశాను కూడా. ఎవరికి పట్టింది? మా అమ్మ మొండిఘటం. ఒకసారి వద్దందంటే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా వద్దే.

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. నేను పదో తరగతి చదువుతున్నప్పుడు మా టీచర్ అందరి ముందూ మా అమ్మను అవమానించింది. అది ఆమె మనసులో ఉండిపోయిందని, అందుకే బడి అంటేనే గిట్టదని నా లెక్క. ఇందులో నాకు మింగుడు పడనిది ఒకటే. ఆ టీచరే నాకు దేవత. ఇవాళ నేనేమయ్యానో అదంతా ఆమె పెట్టిన భిక్ష.

ఆమె మాకు లెక్కలు చెప్పేది. రోజూ విరుదునగర్ నుంచి బస్సులో కోవిల్‌పట్టి వచ్చేది. చేతిలో ఎప్పుడూ గొడుగు. ఎండలోనూ వానలోనూ దాన్ని విప్పగా మేమెవరం చూడలేదు. అది మమ్మల్ని పొడవడానికే ఉండేది. "నీ తలలో ఉన్నది మెదడా, పత్తి గింజా?" అనేది. తప్పు చేస్తే నోటు పుస్తకం కిటికీలోంచి బయటికి పోయేది, దాని వెనకాల మేమూ పోయేవాళ్ళం. తిట్టినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నామా, ఇంకో విడత తిట్టేది. అబ్బ, ఏం నోరది! ఆ నోటి కోసమే మేం ప్రాణం పెట్టేవాళ్ళం.

ఎందుకంటే మా ఇళ్ళు తెలిసిన టీచర్ ఆవిడ ఒక్కతే. ఎవరు పొద్దున తినకుండా వచ్చారో మొహం చూసి చెప్పేది. మాతోపాటే నేల మీద కూర్చుని మా డబ్బాల్లో చద్దన్నం తినేది. వాళ్ళదీ మాలాగే తమిళనాట ఎప్పుడో స్థిరపడిన తెలుగిల్లు. తరగతిలో తమిళం తప్ప ఇంకో మాట వచ్చేది కాదు, గంట కొట్టాక మాత్రం నన్ను వరండాలోకి పిలిచి తెలుగులో మాట్లాడేది. మా ఇంట్లో అవ్వ నుంచి నా దాకా అందరం తెలుగే మాట్లాడతాం, కానీ దాని అక్షరాలు ఎలా ఉంటాయో ఒక్కరం చూసిన పాపాన పోలేదు. "మాట్లాడే బాసకు మొగం ఎట్ల ఉంటాదో చూడొద్దా?" అని, మిగిలిపోయిన అగ్గిపెట్టె లేబుళ్ళ వెనకవైపు నాకు అ, ఆలు రాసి చూపింది. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

లేబుళ్ళు మా ఇంట్లో కుప్పలు. మా అమ్మ అగ్గిపెట్టెల యూనిట్‌లో పుల్లలు పేర్చేది. పుల్లలకు మందు అంటించాలంటే ముందు వాటిని చెక్క చట్రంలో వరసగా నిలబెట్టాలి. గాడులున్న సన్నటి పలక మీద గుప్పెడు పుల్లలు చల్లి, అరచేత్తో ఒక్క తోపు తోస్తే గాడికొక పుల్ల పడుతుంది. దాని మీద ఇంకో పలక, ఇంకో గుప్పెడు. చట్రం నిండాక మర బిగిస్తారు. మా అమ్మ యూనిట్ మొత్తంలో వేగమైన చెయ్యి. బడికి వెళ్ళే ముందు నేనూ కూర్చునేదాన్ని. నాకూ ఆమె వేగం వచ్చింది. దాంతో నా కళ్ళు నెత్తికెక్కాయి.

పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కలు పోయాయి. ఇక చదివింది చాలు, యూనిట్‌కి వెళ్ళిపోతానని టీచర్ మొహం మీదే చెప్పేశాను. గొడుగు లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి వెళ్ళిపోయింది.

వారం తర్వాత అంది, "రేపు మీ అమ్మ వస్తాది" అని.

అదేమిటో నాకు తెలుసు. ప్రతి ఏడూ పెద్దపరీక్షల ముందు ఆమె ఒక పిల్ల తల్లినో తండ్రినో తరగతిలోకి పిలిపించేది. వాళ్ళ చేతులు అందరికీ చూపించేది. పై తరగతి వాళ్ళు దానికి 'చేతుల పాఠం' అని పేరు కూడా పెట్టారు. ఆ పాఠంలో వచ్చినవాళ్ళ పరువు దక్కదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ సాయంత్రం అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే రాదేమో, రాకపోతే టీచర్ దగ్గర నా మొహం చెల్లదేమో అని నా భయం. అమ్మ పరువు మాట నాకు తట్టనే లేదు. ఛీ, ఎంత పాపిష్ఠిదాన్ని!

మర్నాడు అమ్మ పెళ్ళిళ్ళకి కట్టుకునే నీలం చీర కట్టుకుని వచ్చింది. తలలో కనకాంబరాలు. చంకలో ఖాళీ చట్రం, చేతిలో పుల్లల మూట. తరగతంతా గుసగుసలు. పాపం, పని నేర్పడానికి పిలిచారనుకుంది కాబోలని నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. టీచర్ కూడా ఒక క్షణం తెల్లబోయింది. కుర్చీ చూపించింది. అమ్మ కుర్చీలో కూర్చోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, చట్రం ముందు పెట్టుకుని మొదలుపెట్టింది.

పలక, గుప్పెడు, తోపు. పలక, గుప్పెడు, తోపు. వెనక బెంచీల వాళ్ళు లేచి ముందుకొచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మ మొహం కొంచెం వెలిగింది. తల ఎత్తకుండానే నవ్వుకుంది.

అప్పుడు టీచర్ వంగి అమ్మ మణికట్టు పట్టుకుని, లేపి నిలబెట్టింది. ఆ చెయ్యి పైకెత్తి, తమిళంలో మాతో అంది.

"చూశారా వేగం? ఇప్పుడు ఈ వేళ్ళు చూడండి. కొసల మీద గీతలు కూడా మిగల్లేదు. ఇంత వేగమూ ఈమెకి ఏం తెచ్చిపెట్టింది? తన పేరు తను రాయలేదు. ఆ చట్రంలో పుల్లకీ ఈమెకీ ఏం తేడా? ఎక్కడ గుచ్చితే అక్కడ నిలబడుతుంది. మీలో ఎవరికి కావాలి ఈ చేతులు? లేవండి. ఇవాళే టీసీ రాసిచ్చి పంపిస్తాను."

ఎవరూ లేవలేదు. టీచర్ చాక్‌పీసు తీసి అమ్మ చేతిలో పెట్టింది. "నీ పేరు రాయి అక్కా" అంది, తెలుగులో.

అమ్మ బోర్డు వైపు తిరిగింది. చాక్‌పీసుని పుల్ల పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. ఒక గీత గీసింది. చాక్‌పీసు విరిగి కింద పడింది. వంగి తీయబోతే కనకాంబరాలు జారి నేల మీద పడ్డాయి.

నేను నవ్వాను.

తరగతంతా నవ్వింది, నిజమే. కానీ ముందు నవ్వింది నేను. గట్టిగా, అందరికీ వినపడేలా. వాళ్ళు నవ్వే లోపల నేనే నవ్వేస్తే ఆ నవ్వు నాకు తగలదనుకున్నాను. నేను ఆమె వైపు కాదు, మీ వైపే అని చెప్పుకోవాలనుకున్నాను. అమ్మ తిరిగి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఊరికే చూసింది. తర్వాత కింద కూర్చుని మిగిలిన పలకలన్నీ నింపి, మర బిగించి, చట్రం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. పూలు తీసుకోలేదు.

ఆ రోజు నుంచి నన్ను పుల్ల ముట్టనివ్వలేదు. "నీ పని నువ్వు చూసుకో పాపా" అంది, అంతే. నేను చదివాను. కసిగా, కళ్ళు మండేదాకా చదివాను. లెక్కల్లో బడికి మొదట వచ్చాను. కాలేజీలో పట్టా ఇచ్చే రోజు రమ్మంటే అమ్మ రాలేదు. ఉద్యోగంలో చేరిన రోజూ రాలేదు. మా టీచర్ మాత్రం రెండు రోజులూ వచ్చింది, పట్టా రోజున ముందు వరసలో కూర్చుంది. నేను ఆమె కాళ్ళకు దండం పెట్టాను. చేతుల పాఠం పనిచేసింది, దానికి నిలువెత్తు సాక్ష్యం నేనే అని ఊరంతా చెప్పుకు తిరిగాను. నేను నవ్విన సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.

టీచరైన తర్వాత నాకు ఆమె నోరే వచ్చింది. పత్తి గింజ మాటతో సహా. పిల్లలు నన్ను చూస్తే హడలిపోతారు, మళ్ళీ నా చుట్టూనే తిరుగుతారు. మూడేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు సొంత కూతురి కంటే ఎక్కువ ఏడ్చాను. మా అమ్మ కూడా తనను తీసుకెళ్ళమని అడిగి మరీ వచ్చింది. పోయినవాళ్ళ మీద పగ దేనికని మనసు సర్దుకుందేమోలే అనుకున్నాను.

ఇక నా పాఠం సంగతి చెప్పాలి. కిందటి నెల, నా బడిలో, పదో తరగతిలో ఒక పిల్ల. చురుకైనదే. ఉన్నట్టుండి చదువు మానేసి మిఠాయి పొట్లాలు కట్టే పనికి పోతానంది. వాళ్ళ నాన్న వేరుశెనగ మిఠాయి చేసే చోట బెల్లం పాకం కాస్తాడు. నాకు ఒళ్ళు మండింది. పదో తరగతి నాటి నేనే నా ఎదురుగా నిలబడి తల ఎగరేస్తున్నట్టనిపించింది. అతన్ని పిలిపించాను.

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని. తరగతి ముందు నిలబెట్టి చొక్కా చేతులు పైకి మడవమన్నాను. మారు మాట్లాడకుండా మడిచాడు. మోచేతి దాకా పాకం చింది కాలిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి. ఇక నా నోరు నా చేతుల్లో లేదు. మా టీచర్ గొంతే నాలోంచి వచ్చింది. "చూడండి! పొయ్యి కింద కట్టెకీ ఈయనకీ ఏం తేడా? ఎవరికి కావాలి ఈ చేతులు?" అన్నాను. ఎవరైనా నవ్వుతారని చూశాను. ఆ పిల్లే నవ్వుతుందనుకున్నాను, నిజం చెప్పాలంటే.

ఆ పిల్ల నవ్వలేదు. ఏడవనూ లేదు. బెంచీలోంచి లేచి వచ్చి, వాళ్ళ నాన్న చొక్కా చేతులు రెండూ కిందికి దించి, బొత్తాలు పెట్టింది. "పా నాన్నా, ఇంటికి పోదాం" అని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. గుమ్మం దగ్గర అతను ఆగి నాకు దండం పెట్టాడు. దండం పెట్టాడండీ నాకు! ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను, తలుపు తీయలేదు.

ఆ శనివారం కోవిల్‌పట్టి వెళ్ళాను. అమ్మ గడపలో కూర్చుని చాటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాను. ఏడ్చాను కూడా. మా టీచర్ నీకు చేసిందే నేను అతనికి చేశాను, నువ్వెందుకు రావో నాకిప్పుడు అర్థమైంది అన్నాను.

"ఆ పాప నవ్వలేదా?" అంది అమ్మ.

"లేదు."

"మంచి బిడ్డ" అని ఇంకో కాయ తీసుకుంది.

"ఆవిడ పోయి మూడేళ్ళయిందమ్మా. ఆమె తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా. ఇకనైనా కోపం వదిలెయ్."

అమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. నన్ను వింతగా చూసింది.

"ఆయమ్మ మీద నాకేం కోపం? ముందు దినమే యూనిట్‌కి వచ్చి నాతో అంతా చెప్పిరి. నీ పాప చదువు నిలిపేస్తాది అక్కా, నిన్ను నాలుగు మాటలు అంటా, ఓర్చుకుంటావా అని నా చేతులు పట్టుకుని అడిగిరి. నా కండ్లకు నీళ్ళు రాలే, ఆయమ్మకే వచ్చె. నా పాప చదివితే చాలు, ఏమైనా అనమ్మా అంటిని. చేతులు చూపితే చాలు అనిరి. నాకే మనసు ఒప్పలే. చేతులు చూసేవాళ్ళు అవి చేసే పని చూడొద్దా అని చట్రం ఎత్తుకుని వస్తిని."

"మరి ఎందుకమ్మా రావు?" అన్నాను.

అమ్మ చాట దగ్గరికి లాక్కుంది.

"నిన్ను ఇట్ల అంటే నీ పాప ఏడుస్తాది అక్కా, ఏడిస్తే మన పని అయినట్టే అని చెప్పిరి. నువ్వు ఏడుస్తావనే నేను వస్తిని పాపా. నువ్వు నవ్వితివి."