మూడో నంబరు రైఫిలు వేగం

నేను ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా కూర్చుంటానంటే మా సారే చేతులెత్తి దండం పెట్టాడు. అలాంటి నాకు, సెకనుకు ఎన్ని మీటర్లు అని చెప్పే యంత్రాన్ని అప్పగించిన పెద్దమనుషులు సూరత్‌లో ఉన్నారంటే ఆ ఊరి ధైర్యం ఎంతటిదో మీరే ఊహించుకోండి.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, పర్వత్ పాటియా దగ్గర ఒక ప్రైవేటు షూటింగ్ క్లబ్బులో నన్ను టెక్నికల్ అసిస్టెంటుగా తీసుకున్నారు. అంతకుముందు ఇరవై ఏడేళ్లు పవర్‌లూమ్‌లు బాగుచేశాను. క్లబ్బులో అందరికంటే పైన కోచ్ భావేశ్ సర్. ఎవరు ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది రేంజి ఆఫీసరు. ఆ తర్వాత నేను. నా కింద ఒక స్టూలు ఉండేది, దానికీ ఒక కాలు వదులే.

నా చేతిలో ఆరు ఎయిర్ రైఫిళ్లు ఉండేవి. వీటిలో మందు ఉండదు. సిలిండరులో నింపిన గాలే చిన్న సీసపు గుండును తోస్తుంది. పది మీటర్ల దూరంలో లక్ష్యం, దాని నడిబొడ్డున బాల్‌పెన్ ముల్లు ఆనిస్తే మూసుకుపోయేంత చుక్క. రైఫిళ్లను తుడవడం, గాలి నింపడం, సీళ్లు మార్చడం నా పని. వాటితోపాటు ఆ ఏడాది కొత్తగా వచ్చింది ర్యాడార్ క్రోనోగ్రాఫ్. హైవే మీద పోలీసులు బండ్ల వేగం పట్టే పెట్టె చూశారు కదా, దానికి తమ్ముడనుకోండి. బ్యారెల్ పక్కన పెడితే, దూసుకుపోతున్న గుండుకు వెనక నుంచి తరంగాలు తగిలించి, తిరిగి వచ్చినదాన్ని బట్టి వేగం చెబుతుంది. రైఫిలు ఆరోగ్యంగా ఉంటే పది గుండ్లకు పదీ ఇంచుమించు ఒకే వేగం చూపాలి. అది చూసి నేను ఒక చీటీ రాసి సంతకం పెడితే ఆ రైఫిలు పాసైనట్టు. ఏడు తప్పినవాడి చేతిలో పాసు చేసే అధికారం.

ఆ చీటీ మొదటిసారి అవసరపడింది శ్రావణి విషయంలో. మా జగిత్యాల వైపు నుంచి వచ్చిన నేతపని కుటుంబం వాళ్లది. తండ్రి లూమ్‌ల మీద పని చేస్తాడు, ఆ పిల్ల తొమ్మిదింటికల్లా చీరల మార్కెట్లో ఒక దుకాణంలో కూర్చోవాలి. అందుకని పొద్దున్నే ఆరున్నరకు వచ్చి మూడో నంబరు రైఫిలుతో కాల్చి వెళ్లేది. మూడు నెలలుగా ఆమె స్కోరు పడిపోతోంది. మొదట గుండ్లు కిందికి పోయేవి. గురి చూసే సైటు తిప్పి సరిచేసుకుంటే కాసేపటికి పైకి పోయేవి. మళ్లీ తిప్పేది. భావేశ్ సర్ ఇదంతా ఆమె మనసు నిలకడ లేక అన్నాడు. ఎందుకంటే అదే మూడో నంబరుతో సాయంత్రం వచ్చే ఇంకో అమ్మాయి చక్కగా కాలుస్తోంది. రాష్ట్ర ట్రయల్స్‌కు క్లబ్బు తరఫున ఒక్కరి పేరే పంపాలి, శనివారం ఆఖరు. రైఫిలులో లోపం ఉందని తేలితే శ్రావణికి ఇంకో అవకాశం ఉంటుంది. లేదంటే ఆ అమ్మాయి పేరే వెళుతుంది.

సోమవారం సాయంత్రం పెట్టె బయటికి తీశాను. కాల్చే బల్ల మీద పెట్టి, మీట నొక్కి, మూడో నంబరుతో పది గుండ్లు కాల్చాను. నూట డెబ్బై ఒకటి, నూట నలభై ఎనిమిది, తర్వాత ఏమీ లేదు, తర్వాత నలభై ఒకటి. నేనింకా గుండు పెట్టకముందే ఒక అంకె వచ్చింది. భావేశ్ సర్ నా భుజం మీదుగా చూసి, "రాజుభాయ్, యే మిషన్ హై యా లాటరీ?" అన్నాడు. నంబర్లు తగిలితే సగం మీకిస్తానన్నాను. ఆయన నవ్వలేదు.

యంత్రం చెడిపోలేదని నాకు అప్పుడే నమ్మకం. చెడిపోయిన యంత్రం ఒకే రకంగా తప్పు చెబుతుంది, రకరకాలుగా చెబుతోందంటే దానికి రకరకాల చిక్కులు ఎదురవుతున్నాయని అర్థం. ఒక్కొక్కటే ఊడదీశాను. ఎగ్జాస్టు ఫ్యాను రెక్కలు కూడా కదిలేవే కాబట్టి ర్యాడార్ వాటినీ చూస్తుంది. ఫ్యాను ఆపించాను, నలభై ఒకటి పోయింది. రెండోది, ఈ పెట్టె ఊరికే మేల్కొని ఉండదు, గుండు బయలుదేరిన అదురుకు లేస్తుంది. ఎయిర్ రైఫిలు అదురు పిల్లి తుమ్మినంత. అది వినబడాలని పెట్టెకు చెవి పెంచితే, మా గోడ అవతల నడిచే నలభై లూమ్‌ల దడకు లేచి కూర్చుంటోంది. చెవి తగ్గిస్తే గుండు పోయినా నిద్రే. బల్ల మీద నుంచి తీసి, విడిగా ఒక స్టాండు మీద, కింద మందమైన నమదా ముక్కలు, అంటే అదిమిన ఉన్ని పట్టీలు, వేసి పెట్టాను. దానితో వచ్చిన చిన్న మైకును బ్యారెల్ మూతి పక్కనే అమర్చాను. లూమ్‌ల అదురును ఎక్కడ ఆపాలో తెలియకుండా ఇరవై ఏడేళ్లు కూడు తిన్నానా మరి.

మూడోది దిక్కు. పెట్టె గుండు దారికి సమాంతరంగా చూడాలి, అడ్డంగా చూస్తే వేగం తక్కువ చెబుతుంది. పుస్తకంలో దానికి ఏదో కోణం రాసి ఉంది. నేను రెండు పడుగు పోగులు తెచ్చాను. ఒకటి బ్యారెల్ మూతి నుంచి లక్ష్యం దాకా లాగి కట్టాను. రెండోది పెట్టె ముఖం నుంచి, రెండు చివర్లా మొదటి పోగుకు సరిగ్గా జానెడు దూరంలో. పెట్టె ఆ పోగు వెంటే చూసేలా తిప్పి, పోగులు తీసేశాను. నేసేవాడికి రెండు పోగులు సమంగా లాగడానికి కోణాలు అక్కర్లేదు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి మళ్లీ కాల్చాను. మొదటి ఐదు గుండ్లూ వదిలేసి తర్వాతి పది రాసుకున్నాను. కొత్త పడుగు ఎక్కించాక మొదటి గజం గుడ్డను ఎవడూ లెక్కలోకి తీసుకోడు, అదే అలవాటు. పదికి పదీ నూట డెబ్బై ఒకటికీ నూట డెబ్బై మూడుకీ మధ్యనే. అంతకంటే మంచి రైఫిలు ఉండదు. చీటీ రాసి సంతకం పెట్టి, లాటరీ మూసేశామని భావేశ్ సర్‌కు చెప్పాను. ఆయన మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఖరీదు శ్రావణి పేరు పోవడమని నాకు తెలుసు. అయినా కొలతను కొలతగానే చెప్పాలి కదా అనుకున్నాను.

బుధవారం పొద్దున ఆ పిల్ల చీటీ పట్టుకుని నా గదికి వచ్చింది.

"మామా, జర ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. ఇది ఎన్ని గంటలకు కొలిచినవ్?"

"నాలుగింటికి."

"నేను కాల్చేది పొద్దుగాల గదా."

"తుపాకికి పొద్దుగాల, మాపటేల అని ఉంటదా బిడ్డా? అదేమన్న షిఫ్టు డ్యూటీ చేస్తున్నదా?"

"అది చేస్తలేదు గానీ నేను చేస్తున్న. రేపు నేను వచ్చినప్పుడు, నేను ముట్టంగనే, మొదటి గుండు నుంచి కొలువు. అప్పుడు గిట్ల మంచిగనే వస్తే నేనే ఇంట్ల కూసుంటా. కోచ్‌తోని కూడ నేనే చెప్తా."

ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆమె మీద జాలితో కాదు, నా చీటీ ఎంత గట్టిదో చూపిద్దామని.

గురువారం ఆరున్నరకు స్టాండు, నమదా, పోగులు అన్నీ అదే వరసలో పెట్టాను. ఆమె గుండు పెట్టి కాల్చింది. నూట యాభై ఎనిమిది. తర్వాత నూట అరవై మూడు. నూట యాభై ఆరు. నూట అరవై ఆరు. నూట అరవై. పన్నెండు మీటర్ల వేగం తగ్గితే పది మీటర్ల దూరంలో గుండు రెండున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అంటే ఒక రింగు పోయినట్టు. నేను అలవాటు ప్రకారం మొదటి ఐదింటి మీద గీత కొట్టబోయాను.

"గవెందుకు కొట్టేస్తున్నవ్?" అంది. "నేను గవే చూసి సైటు తిప్పుకుంటా."

పెన్ను అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల మూడు నెలలుగా నెమ్మది గుండ్లను నమ్మి సైటు పైకి తిప్పుతోంది. ఇరవై గుండ్లయ్యాక వేగం కుదురుకుంటుంది, గుండ్లు పైకెక్కుతాయి. అప్పుడు మళ్లీ తిప్పుతుంది. నిలకడ లేనిది ఆమె మనసుకు కాదు.

అయితే ముందు యంత్రాన్ని అనుమానించాలి, అది పద్ధతి. పెట్టె సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి దాన్ని కదపకుండా, నమ్మకమైన ఇంకో రైఫిలుతో కాల్చి చూడాలి. అప్పుడే వచ్చిన భావేశ్ సర్‌ను బతిమాలి ఆయన సొంత రైఫిలు తీయించాను. ఐదు గుండ్లు, మొదటిదానితో సహా ఐదూ నూట డెబ్బై నాలుగు దగ్గరే. పెట్టె నిజమే చెబుతోంది. మళ్లీ మూడో నంబరు పట్టుకుంటే, ఇరవయ్యో గుండు దాటాక అదీ నూట డెబ్బై రెండుకు వచ్చి బుద్ధిగా కూర్చుంది.

ఆయన రైఫిలుకూ దీనికీ తేడా ఏమిటా అని ఆలోచిస్తూ ఆయన బీరువా వైపు చూశాను. ఆయన తన రైఫిలును బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. క్లబ్బు మొత్తంలో నా చెయ్యి పడనిది అదొక్కటే.

నాలుగో నంబరును ఆ రోజు ఇంకా ఎవరూ ముట్టలేదు. దాని బ్యారెల్‌లో పొడి గుడ్డ తోశాను. పకోడీ పొట్లం కాగితంలా బయటికి వచ్చింది. నేను రోజూ సాయంత్రం మూసేముందు ప్రతి రైఫిలు బ్యారెల్‌లో నూనె గుడ్డ తిప్పి, ఆరబెట్టకుండానే పెట్టేవాణ్ని. లూమ్‌ను ఆపితే నూనె వేసి ఆపాలి, అది మా చేతులకు పుట్టుకతో వచ్చిన జ్ఞానం. ఎయిర్ రైఫిలు బ్యారెల్‌కు అది పనికిరాదు. నూనె తడి ఉన్నంతసేపు గుండుగుండుకూ వేగం మారుతుంది. గాలి భాగాలకు తగిలితే ప్రమాదం కూడా, అటు పోకపోవడం నా అదృష్టం. మిగతా రైఫిళ్లు ఎనిమిదింటికి వచ్చే చిన్నపిల్లల బ్యాచీ చేతుల్లో ఆరిపోయేవి, వాళ్ల గుండ్లు ఎటు పోయినా అడిగేవాడు లేడు. మూడో నంబరు నూనె మాత్రం రోజూ శ్రావణే కాల్చి ఆరబెట్టేది. సాయంత్రం వచ్చే అమ్మాయి ఆరిన బ్యారెల్‌తో కాల్చి మెప్పు పొందేది. నేనూ ఆరిన బ్యారెల్‌నే కొలిచి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం మూడో నంబరును పొడిగా తుడిచి పెట్టాను. శుక్రవారం పొద్దున ఆమె మొదటి గుండే నూట డెబ్బై ఒకటి. పదికి పదీ దాని పక్కనే. ఆమె సైటు ముట్టుకోలేదు.

మా పద్ధతిలో రాసిన చీటీని చించకూడదు, దిద్దకూడదు. కొత్త చీటీ రాసి, పాతదాని నంబరు వేసి, ఎందుకు రద్దు చేస్తున్నామో కారణం గడిలో రాయాలి. ఆ గడి చాలా చిన్నది. తప్పు చేసినవాడు తప్పించుకోవడానికి సరిపోయేంత పెద్దది కాదు. "బ్యారెల్‌లో నూనె. వేసినది నేను" అని హిందీలో రాసి సంతకం పెట్టి భావేశ్ సర్ బల్ల మీద పెట్టాను. నా ఒప్పందం ఇంకా మూడు నెలలే ఉంది, దాన్ని పొడిగించాలో వద్దో చెప్పేది ఆయనే. రెండుసార్లు చదివి, తుపాకీని మగ్గం అనుకున్నావా అని అడిగాడు. మగ్గమే అయితే ఇంకా బాగా చూసుకునేవాణ్నన్నాను. ఈసారి కొంచెం నవ్వాడు. శనివారం పొద్దున ఇద్దరు అమ్మాయిల చేతా పొడి బ్యారెళ్లతో అరవై అరవై గుండ్లు కాల్పించాడు. శ్రావణి ఆరు పాయింట్ల తేడాతో పైన నిలిచింది. ఆమె పేరు వెళ్లింది. నా ఒప్పందమూ పొడిగించారు, నూనె డబ్బా మాత్రం రేంజి ఆఫీసరు గదిలోకి మారింది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా కొన్ని వందల చీటీలు రాశాను. పెట్టెను అదురు తగలని చోట పెట్టడం, దిక్కు సరిచూడడం, ఫ్యాను ఆపడం ఎవరైనా వారంలో నేర్చుకోవచ్చు. నేను ఆ వారం నేర్చుకున్నది వేరు. కాల్చేవాడు ఏ వేళకు, ఏ స్థితిలో రైఫిలు అందుకుంటాడో ఆ వేళకే, ఆ స్థితిలోనే కొలవాలి. మొదటి గుండును వదిలేయకూడదు, దాన్ని బట్టే కాల్చేవాడు నిర్ణయం తీసుకుంటాడు. అంకెలు తేడాగా వస్తే యంత్రాన్ని నమ్మకమైన రైఫిలుతో సరిచూడాలి, ఆ తర్వాత తన చేతుల్ని తానే సరిచూసుకోవాలి. నిలకడైన అంకె వచ్చినంత మాత్రాన అది మనం అడగాల్సిన ప్రశ్నకు జవాబు అయి తీరదు.

ట్రయల్స్ నుంచి తిరిగి వచ్చాక శ్రావణి జిలేబీ, శనగపిండి ఫాఫ్డా పొట్లాలతో క్లబ్బుకు వచ్చింది. రాష్ట్ర జట్టుకు రెండో స్థానంలో ఎంపికైంది. అందరి ముందూ స్కోరు కాగితం చూపిస్తుంటే నేను ఊరుకోలేక, "ఇందుల సగం స్కోరు నాదే బిడ్డా, చీటీ మీద సంతకం ఎవలది?" అన్నాను.

ఆమె నా చేతిలో జిలేబీ పెట్టి అంది:

"ఇందుల సగమేమో గానీ మామా, గా మూడు నెలల స్కోరు మాత్రం మొత్తం నీదే."