ఇంగ కళ్ళు తెరువమ్మా

తొంభైల చివర్లో, ఊరికే తల తిరిగి పడిపోతుంటే, హిందూపురంలో మెదడు పరీక్షకు ఒక్కదాన్నే పోయాను. తలనిండా జిగురుతో వైర్లు అంటించి, మూసిన కళ్ళ ముందు బల్బును టపటపా వెలిగించి ఆర్పారు. రెప్పల లోపల ఎర్రగా, పచ్చగా గళ్ళు తిరిగాయి.

"వెలుతురు ఎట్ల కొట్టుకుంటే మెదడూ అట్లే కొట్టుకుంటాది. ఇంగ కళ్ళు తెరువమ్మా," అంది పరీక్ష చేసే ఆమె. "ఇంటికి పోయి ఎవురితోనన్నా తలకు పోయించుకో. జిగురు ఒక్కదానివే కడిగితే పోదు."

ఇంట్లో నేనొక్కదాన్నేనని ఆమెకు చెప్పడం దేనికి?

తిరుగు బస్సులో ఎండపక్క సీటు దొరికింది. పెనుకొండ దాటాక, చింతచెట్ల సందుల్లోంచి ఎండ అచ్చం ఆ బల్బులాగే రెప్పల మీద కొట్టింది. రెప్పల లోపల మళ్ళీ అవే గళ్ళు తిరిగాయి. కళ్ళు తెరవమనేవాళ్ళు లేక, ధర్మవరం దాకా మూసుకునే కూర్చున్నాను.