పదకొండో నంబరు సాంచా

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. మన నేతగాళ్లు వలసొచ్చి స్థిరపడ్డ డిండోలిలో సాంచాల మధ్య పుట్టి పెరిగినవాణ్ని. ఆ రొదలో ఏ దయ్యం అరిచినా ఎవరికి వినపడుతుంది? ఇప్పటికీ నమ్మనని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం ముగ్గురం. నవీన్ గిటారు వాయిస్తూ పాడేవాడు. పాడటమంటే గొంతు చించుకోవడమే. మహేశ్ డ్రమ్స్, నేను బేస్ గిటారు. మా మెటల్ బ్యాండ్ పేరు 'తెగిన పోగు'. ముగ్గురి నాన్నలూ మరమగ్గాల మీద బతికినవాళ్లే, ఆ మగ్గాలనే ఇళ్లలో సాంచాలంటాం. మా మొదటి పాట విని అమ్మ నవీన్‌కి మిరియాల కషాయం కాచి పంపింది.

రెండేళ్లకు కడోదరాలో ఒక గోదాములో నలభై మంది ముందు వాయించాం. ఆ నలభై మందికీ మా పాటలు నోటికొచ్చు, అదే మాకు పెద్ద గొప్ప. తర్వాత పుణెలో ఒక సంగీతోత్సవం జరిపేవాళ్ల నుంచి కబురొచ్చింది. నాలుగు పాటలు రికార్డు చేసి పంపితే వేదిక మీద చోటిస్తామన్నారు. సాంచాల్లోకి పోకుండా బతికే దారి మాకు అదొక్కటే కనిపించింది.

సెలవు రోజు మధ్యాహ్నం, నాన్న పనిచేసే షెడ్డులోనే రికార్డింగ్ పెట్టుకున్నాం. వాచ్‌మన్ బయట షట్టరుకు తాళం వేసి తిండికి వెళ్లాడు. సాంచాల మెయిన్ స్విచ్ దించి ఉంది, నేనే చూశాను. లోపల ఖాళీ చోటు ఒక్కటే. పదకొండో నంబరు సాంచాను తుక్కు కింద అమ్మేస్తే, నేలలో నాలుగు బోల్టులు మిగిలాయి. మహేశ్ డ్రమ్స్ అక్కడ పెట్టుకున్నాడు.

మూడో పాట అయిపోయింది. నవీన్ ఆపాడు, నేనూ ఆపాను, మహేశ్ ఆపలేదు. వాడు వాయిస్తున్నది మా పాట కాదు, అచ్చంగా సాంచా దెబ్బ. వేళాకోళమాడుతున్నాడని నవ్వాం. అరగంటైంది. అరచేతుల్లో బొబ్బలు పగిలి కర్రలు ఎర్రబడ్డాయి. వాడు ఏడుస్తున్నాడు.

"కాళ్లు ఆగుతలేవురా," అన్నాడు. "బద్లీ ఏడున్నడు? బద్లీ వస్తెనే లేస్త."

బద్లీ అంటే తర్వాతి షిఫ్టు మనిషి. నడుస్తున్న సాంచాను వదిలి ఎవరూ లేవకూడదు. ఆ చప్పుడులో పిలిచినా వినపడదు కాబట్టి బద్లీ వచ్చి భుజం మీద చెయ్యి వేస్తాడు. అప్పుడే మొదటివాడు పక్కకు జరుగుతాడు.

నవీన్ షట్టరు బాదుతున్నాడు. ఎవరూ పలకలేదు. భయంతో నాకేం తోచలేదు. వెనక నుంచి వెళ్లి మహేశ్ భుజం మీద చెయ్యి వేశాను.

కర్రలు కింద పడ్డాయి. వాడు లేచి, పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.

సాయంత్రం తాళం తీశారు. వారంలో మహేశ్ హైదరాబాద్ వెళ్లిపోయాడు, మళ్లీ డ్రమ్స్ ముట్టలేదు. నవీన్ ఊరి బయట కామ్‌రేజ్‌లో టిఫిన్ బండి పెట్టుకున్నాడు. పుణెకు ఏమీ పంపలేదు. రికార్డింగులో ఆ అరగంటా డ్రమ్స్ లేవు, సాంచా ఒకటి నడుస్తూ ఉంది. నాన్నకు వినిపించాను. పదకొండో నంబరు మీద పనిచేసిన మనిషి, బద్లీ రాకముందే సాంచా దగ్గరే ప్రాణం వదిలాడని చెప్పాడు.

నేను ఆ షెడ్డులోనే పనికి కుదిరాను. రెండుసార్లు ఊరు విడిచిపోదామని బస్సెక్కాను. కామ్‌రేజ్ దాటగానే నా కుడికాలు ఆ దెబ్బ వేయడం మొదలుపెడుతుంది. దిగి వెనక్కి నడిస్తే తప్ప ఆగదు. డాక్టరు నరాల జబ్బన్నాడు. మాత్రలు మింగుతున్నాను, తగ్గలేదు. ఈమధ్య ఇంట్లో కూర్చున్నా కాలు ఆ దెబ్బే వేస్తోంది.

పోయిన వారం అన్నం తింటుంటే నాన్న నా కాలు చూశాడు. ఆయన పని మానేసి ఆర్నెల్లు కూడా కాలేదు. చెయ్యి కడుక్కుని నా వెనక్కి వచ్చాడు.

"నేను బద్లీకొస్త బిడ్డా, నువ్వు లే," అన్నాడు.

ఆ చెయ్యి భుజం మీద పడకముందే పళ్లెంతో సహా పక్కకు జరిగాను.

ఇదంతా ఏమిటో నాకు తెలియదు. నరాలేనేమో. కానీ నాన్న ఇంట్లో ఉన్నంతసేపూ గోడకు వీపు ఆనించే కూర్చుంటున్నాను.