ధన్వంతరి బాబాయి వైద్యం

“మెల్లగా ఎత్తండయ్యా! అందులో ఇంకా ప్రాణముంది!”

మెట్లకింది స్టోరు గదిలోంచి వచ్చిన ఆ కేక ధన్వంతరి బాబాయిది. స్టోరు కీపరు. ఏ కంప్యూటరైనా చచ్చిపోయిందంటే చచ్చినా ఒప్పుకోకపోవడం ఆయన చాదస్తం. పొగ వస్తే జలుబనేవాడు, తెర నల్లబడితే కునుకనేవాడు. ఆ పేరు పెట్టింది ఆఫీసే.

పైనంతా కొత్త కంప్యూటర్లు వచ్చాయి. హెడ్ గుమాస్తా నెత్తిన ఆఫీసరు రెండు పనులు పెట్టాడు. పాత సామానంతా సాయంత్రంలోగా తుక్కు లారీ ఎక్కించాలి. కొత్త కంప్యూటర్ మీద అన్నీ తప్పులే కొడుతున్న టైపిస్టమ్మకు, రేపటికల్లా చక్కబడకపోతే ఇంటికేనని చెప్పాలి. రెండోది చెప్పడానికి నోరు రాక, ముందుగా మొదటిదానికి దిగాడు.

బాబాయి లావుపాటి మానిటరును ఒళ్లో పెట్టుకుని తుడుస్తున్నాడు.

“అది వెలిగి ఎన్నాళ్లయింది బాబాయ్?”

“నువ్వు మాత్రం భోజనమయ్యాక వెలుగుతున్నావేమిటి?”

“పోనీ ఆ మూలది?”

“మా అత్తగారి పోలిక. ఆన్ చేస్తే పూటంతా గొణుగుతుంది. పని మాత్రం ముట్టదు.”

“మరెందుకది?”

“ఆవిడా పోయింది, ఆవిడ కూతురూ పోయింది. ఇంట్లో గొణిగే దిక్కు లేదోయ్.”

గుమాస్తా నవ్వబోయి ఆగాడు. ఆ గదిలో ఒకటే కుర్చీ. మనిషన్నవాడు ఆ మెట్లు దిగితే బల్బు మార్చడానికి దిగాలి, లేదా దారి తప్పి దిగాలి. బాబాయి క్యారియరు ఒక పాత సీపీయూ మీద ఉంది. ఎదురుగా మరో సీపీయూ, పంక్తిలో కూర్చున్న చుట్టంలా.

కూలీలు ఒక్కొక్కటే మోస్తుంటే బాబాయి గుమ్మందాకా సాగనంపాడు. “వెళ్లిరా నాన్నా. ఎండలో నిలబడకు.” గది బోసిపోయింది. పసుపెక్కిన కీబోర్డొకటి మాత్రం ఆయన చంక వదల్లేదు.

“ఈ పళ్లూడినదాన్నీ ఇచ్చెయ్ బాబాయ్! లారీవాడు అరుస్తున్నాడు.”

“ఇది టైపిస్టమ్మది.”

“అయితే?”

“ఆవిడకి చూపు ఆనడం లేదోయ్. వేళ్లతో చూసి కొడుతుంది. ఈ గుంటల మీటలైతే వేళ్లకి తెలుస్తాయి. కొత్తవి పలకలా నున్నగా ఉన్నాయిగా!” బాబాయి గొంతు తగ్గించాడు. “మీట అరిగినప్పుడల్లా ఇక్కడున్నవాటిలోంచి ఒకటి పీకి, ఆవిడ రాకముందే పైకెళ్లి బిగించేవాణ్ణి. తన కీబోర్డు ఉక్కుముక్కని ఆవిడ మురిసిపోయేది.”

“మీటల కోసం కీబోర్డులు దాచావు సరే. ఈ మానిటర్లూ, అత్తగారూ దేనికి?”

“కీబోర్డులొక్కటే దాస్తే ఎందుకని అడుగుతారు. అన్నీ దాస్తే పిచ్చాడని వదిలేస్తారు. పిచ్చే నయం కదా!”

“ఆవిడకైనా చెప్పాల్సింది.”

“చెప్తే, చూపు పోతోందని నాకు తెలిసినట్టు ఆవిడకి తెలిసిపోదూ?”

బయట లారీ హారన్ మోగింది. గుమాస్తా గుమ్మం వైపు తిరిగి, “అయిపోయిందయ్యా! ఇంకేం లేవు, పోనీ!” అని అరిచి, కీబోర్డుకోసం చెయ్యి చాపాడు.

బాబాయి దాన్ని చొక్కా కొసతో తుడిచి అందించాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చి కూజాలోంచి గ్లాసు నింపాడు.

“ఇదీ పట్టుకెళ్లు.”

“నాకు దాహంగా లేదు బాబాయ్.”

“నీకు కాదోయ్. ఆవిడ కొత్త కీబోర్డు మీద ఒలికించు. పొరపాటున సుమా!”