ఓబులేసన్న వేలిముద్రలు

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. మా అవ్వ కొత్త సైకిల్‌కు కూడా నిమ్మకాయ కట్టే మనిషి. ఆ నిమ్మకాయలు విప్పుకొచ్చి నేను షర్బత్ చేసుకుని తాగేదాన్ని. అలాంటి నాకే ఇది జరిగింది. అదీ పట్టపగలు, ట్యూబులైటు వెలుగులో.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. కడపలో ఒక చిన్న ఆఫీసులో పని చేసేదాన్ని. సెక్యూరిటీ గార్డులుగా చేరబోయేవాళ్ల పది వేళ్లూ ఒక మిషన్ గాజు మీద పెట్టించి, ఆ ముద్రలు కంప్యూటర్లోకి ఎక్కించి హైదరాబాదుకు పంపడం నా పని. మనిషి మీద పాత కేసులేమైనా ఉన్నాయేమో అక్కడ చూసి, సరే అంటేనే ఉద్యోగం. ముద్ర బాగా పడితే తెర మీద పచ్చరంగు, లేకపోతే ఎరుపు.

ఒకరోజు ఓబులేసన్న, ఆయన భార్య లక్ష్మక్క వచ్చారు. ఓబులేసన్న పాతికేళ్లు కడప బండలకు పాలిష్ పట్టిన మనిషి. ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. రెండు మాటలకోసారి దగ్గు. ఇంక బండల జోలికి పోతే బతకవని డాక్టరు తేల్చి చెప్పాడట. అదృష్టం కొద్దీ ఒక కాలేజీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం కుదిరింది. ముద్రలు పడితే చాలు.

పడలేదు. రాయి మీద రుద్దీ రుద్దీ వేళ్లు అరిగిపోయాయి. వేలిని నుదుటికి రుద్దితే కాస్త జిడ్డు అంటి గీతలు తేలతాయి, మాకు తెలిసిన చిట్కా అది. అదీ చేశాం. రెండు వేళ్ల మీద మాత్రం గీతలు లీలగా కనిపించాయి. రేపు చేతులు శుభ్రం చేసుకుని రమ్మని, రేపే ఆఖరి రోజని చెప్పి పంపాను.

మరునాడు మధ్యాహ్నం మూడింటికి వచ్చి పది వేళ్లూ గర్వంగా చాపాడు. అద్దాల్లా మెరుస్తున్నాయి.

"శుభ్రంగా రమ్మంటివి గదా పాపా. పొద్దున్నే లేసి సన్న పాలిష్ రాయితో శానాసేపు రుద్దుకోని వచ్చినా" అన్నాడు.

మిగిలిన ఆ రెండు వేళ్ల గీతలు కూడా గల్లంతు! నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆయనా నవ్వాడు. నవ్వు దగ్గయింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది. బండల పనివాడికి శుభ్రం అంటే ఏమిటో నేను ఆలోచించి ఉండాల్సింది.

"నా యేళ్లు పెట్టుకో పాపా, నాకు గీతలు బాగుండాయి" అని లక్ష్మక్క బేరం పెట్టింది. కుదరదన్నాను.

ఆరుసార్లు ప్రయత్నించాం. అన్నీ ఎరుపే. గాజు మీద చెమట మరకలు పడ్డాయని మిషన్ వైరు పీకి, ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడుస్తున్నాను. ఓబులేసన్న నీరసంగా నేల మీద చతికిలబడ్డాడు. మా ఆఫీసు నేలంతా నల్ల బండలే. ఒక బండను నిమిరాడు, ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది.

"ఇవి నేను పాలిష్ పట్టినవే! కొత్తగా పనిలో చేరినప్పుడు ఈడనే నా ఎడం చిటికెనేలు తెగింది" అంటూ రెండు చేతులూ దాని మీద ఆనించాడు.

కంప్యూటర్ టింగుమంది. తెర మీద ఒక వేలు పచ్చగా వెలిగింది. తరువాత ఇంకొకటి. అలా పది వేళ్లూ. మిషన్ నా ఒళ్లో ఉంది, దాని వైరు ఊడి నేల మీద ఉంది. ఈ మాట కోర్టులోనైనా చెబుతాను.

అంతకుముందు వచ్చినవాళ్ల ముద్రలేమోనని ఆ వారం ఫైళ్లన్నీ తీసి పోల్చాను. ఏదీ కలవలేదు. పైగా ఎడమ చిటికెన వేలి ముద్రలో గీతలకు అడ్డంగా ఒక ఏటవాలు గాటు ఉంది. ఓబులేసన్న వేలు పట్టుకుని చూశాను. సన్నటి తెల్ల మచ్చ. అదే చోట, అదే వాలు.

ఆయన వేలు వదిలేసి వెనక్కి జరిగాను. లక్ష్మక్క మాత్రం కూరగాయల సంచి సర్దుకుంటూ లేచింది.

"దీంట్లో ఏముండాది పాపా? పాతికేండ్లు ఈయప్ప యేళ్లు తినిన బండ, ఈపొద్దు తిరిగిచ్చింది. నువ్వు పంపించు."

దొంగ ముద్రలని తేలితే నా ఉద్యోగం ఊడుతుంది. కానీ దొంగవి ఎలా అవుతాయి? ఆయనవే కదా! కళ్లు మూసుకుని మీట నొక్కాను. వారానికి సరే అని జవాబు వచ్చింది. మిషన్ బాగుచేసే అబ్బాయిని అడిగితే వైరస్ అయ్యుంటుందన్నాడు. చిటికెన వేలి గాటు సంగతి వైరస్‌కు ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు.

కొన్ని నెలల తరువాత ఆ కాలేజీ వైపు వెళ్తే గేటు దగ్గర ఓబులేసన్న టోపీ పెట్టుకుని, నాకు సెల్యూట్ కొట్టాడు. దగ్గు ఎట్లుందని అడిగాను. "శానా తగ్గింది పాపా. నిద్ర పడతాంది" అన్నాడు. సంతోషంతో నాకు కళ్లు చెమర్చాయి. చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్లు నున్నగా, ఒక్క గీత లేకుండా ఉన్నాయి.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మా ఆఫీసు ఆ గది ఖాళీ చేసిన రోజు మాత్రం మా అవ్వను అడిగి ఒక నిమ్మకాయ తెచ్చి ఆ బండ మీద పెట్టి వచ్చాను. నా జీవితంలో షర్బత్ చేసుకోకుండా వదిలిన నిమ్మకాయ అదొక్కటే.